విరిగిన కాలు, పెరిగిన బరువు

చీలమండ ఎముక విరిగి ఆరు వారాలు పిండికట్టుతో గడిపిన మనిషి, కట్టు విప్పిన రోజున రెండు సంగతులు గమనిస్తాడు. కట్టులోంచి బయటపడిన పిక్క రెండో పిక్క పక్కన పుల్లలా కనిపిస్తుంది. నడుము దగ్గర పాంటు బిగుతవుతుంది. ఎక్స్-రే చూసిన వైద్యుడు ఎముక చక్కగా అతుక్కుందని చెప్పి పంపేస్తాడు. ఇంటికి రాగానే ఆ మనిషి బరువు తూచుకుంటాడు. రెండో మూడో కిలోలు పెరిగి ఉంటాడు. ఆ కిలోలు దించేసుకుంటే మళ్ళీ మామూలు మనిషినవుతానన్న నమ్మకంతో ఆ పూటనుంచే తిండి సగం చేస్తాడు.

ఆ ఆలోచన సహజమైనదే. కానీ అందులో ఒక లెక్క తప్పింది. తూకంలో కనిపించిన మూడు కిలోలు, ఆరు వారాల్లో ఒంట్లో జరిగిన రెండు మార్పులను కలిపి చూపించిన మొత్తం మాత్రమే. ఒక మార్పు కండ తరగడం, రెండవది కొవ్వు పెరగడం. ఒకటి తీసివేత, ఒకటి కూడిక. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే, గాయం తరువాత తీసుకునే నిర్ణయాలు మనకు మేలు చేయకపోగా కీడు చేసే ప్రమాదం ఉంది. ఈ వ్యాసంలో చెప్పదలచినది ఒక్కటే: గాయం తరువాత ముందుగా కండ తిరిగి రావాలి, కొవ్వు దాని వెనక తగ్గాలి. ఈ వరస తారుమారైతే బరువు తగ్గినా ఆరోగ్యం తిరిగి రాదు. ఇలా ఎందుకు జరుగుతుందో, మన తెలుగువారి విషయంలో ఇది మరింత ముఖ్యమెందుకో వివరించడం నా ఉద్దేశం.

విశ్రాంతి మీద నమ్మకం

దెబ్బ తగిలినవాణ్ణి కదలనివ్వకూడదన్నది చాలా పాత నమ్మకం. అది నిరాధారమైనదేమీ కాదు. విరిగిన ఎముక కొసలు అదుపు లేకుండా కదులుతూ ఉంటే సరిగా అతుక్కోవు. పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువారు అరుదు. వెదురు బద్దలూ, పసరూ, గుడ్డ కట్టూ కలిసి చేసే ప్రధానమైన పని, విరిగిన చోటును కదలకుండా పట్టి ఉంచడమే. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులోనూ ఇదే ఆలోచన సాగింది. జాన్ హిల్టన్ అనే లండన్ శస్త్రవైద్యుడు 1863లో వెలువరించిన గ్రంథంలో, గాయాన్ని మాన్పడంలో విశ్రాంతికి అగ్రస్థానమిచ్చాడు. లివర్‌పూల్‌లో వైద్యం చేసిన హ్యూ ఓవెన్ థామస్ దీర్ఘకాలం, అవిచ్ఛిన్నంగా విశ్రాంతి ఇవ్వాలని పట్టుబట్టాడు. ఆయన పూర్వీకులు వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపానికి చెందిన ఎముకలు కట్టేవారు. ఒక రకంగా అక్కడి పుత్తూరువారన్నమాట. ఆయన రూపొందించిన థామస్ స్ప్లింటు, మొదటి ప్రపంచయుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికుల మరణాలను బాగా తగ్గించింది. విరిగిన చోటుకు విశ్రాంతి ఎంత విలువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, విరిగిన చోటుకు కావలసిన విశ్రాంతిని మనిషి మొత్తానికీ అంటగట్టడంలో. ఫ్రాన్సులో ల్యూకా-షాంపియోనియేర్ అనే శస్త్రవైద్యుడు పందొమ్మిదవ శతాబ్దం చివర్లోనే మర్దన, తొందరగా కదిలించడం అవసరమని వాదించాడు. అప్పట్లో ఆయన మాట విన్నవారు తక్కువ. 1947లో రిచర్డ్ ఆషర్ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, మంచం పట్టి పడుకోవడం వల్ల కలిగే ప్రమాదాలను అవయవం తరువాత అవయవంగా ఏకరువు పెట్టాడు. రక్తం గడ్డకట్టడం, ఊపిరితిత్తులలో కఫం చేరడం, ఎముకల్లోని కాల్షియం కరిగిపోవడం, కండలు వాడిపోవడం, మనసు మొద్దుబారడం ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. 1958లో స్విట్జర్లాండులో కొందరు ఎముకల వైద్యులు ఏఓ అనే బృందంగా ఏర్పడి, విరిగిన ఎముకను లోపలే రేకులతో, మరలతో బిగించి, కీళ్ళను వెంటనే కదిలించే పద్ధతిని శాస్త్రబద్ధం చేశారు. ఎక్కువకాలం కట్టులో ఉంచడంవల్ల వచ్చే బిగుసుకుపోయిన కీళ్ళు, వాడిన కండలు, వాపు, పలచబడ్డ ఎముక, వీటన్నిటినీ కలిపి వారు 'ఫ్రాక్చర్ జబ్బు' అన్నారు. అంటే విరగడం ఒక జబ్బయితే, దానికి చేసిన చికిత్స తెచ్చిపెట్టేది ఇంకొకటి.

నేడు తుంటి ఎముక విరిగిన ఎనభై ఏళ్ళ వృద్ధురాలిని కూడా, శస్త్రచికిత్స జరిగిన మరునాడే లేపి నిలబెట్టడం మంచి ఆసుపత్రుల్లో ఆనవాయితీ. ఆసుపత్రులు మారాయి గాని ఇళ్ళు అంతగా మారలేదు. కాలు విరిగినవారి చుట్టూ మనవాళ్ళు ప్రేమగా చేరి, మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికందించి, కదలవద్దంటారు. ఆ ప్రేమకు ఒంట్లో పడే మూల్యమేమిటో చూద్దాం.

కండ ఎంత వేగంగా కరుగుతుంది?

కండరం ఖర్చుతో కూడిన కణజాలం. దాన్ని నిలబెట్టుకోవడానికి శరీరం ప్రతిరోజూ మాంసకృత్తులను కరిగించి, మళ్ళీ కడుతూ ఉంటుంది. పని ఉన్నంతకాలం కట్టడం, కరగడం సరిసమానంగా సాగుతాయి. పని ఆగిపోగానే కట్టడం మందగిస్తుంది. నెదర్లాండ్స్‌లో ఆరోగ్యవంతులైన యువకుల ఒక కాలికి కావాలని పిండికట్టు వేసి చూశారు. అయిదు రోజుల్లోనే తొడ ముందుభాగపు కండరం 3.5 శాతం సన్నబడింది, దాని బలం 9 శాతం తగ్గింది. పద్నాలుగు రోజులకు కండరం 8.4 శాతం, బలం 23 శాతం తగ్గాయి. వీరికి గాయమేమీ లేదు, నొప్పి లేదు, తిండి తగ్గలేదు. కాలు కదపకపోవడం ఒక్కటే కారణం. కండ తరిగినదానికంటే బలం రెండు మూడు రెట్లు ఎక్కువగా తగ్గడం గమనించదగ్గది. మెదడునుంచి కండరానికి ఆజ్ఞలు మోసే నరాల వ్యవస్థ కూడా అభ్యాసం తప్పుతుందని దాని అర్థం.

వయసు పెరిగిన కొద్దీ ఈ నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. 2007లో జామా పత్రికలో వెలువడిన ఒక అధ్యయనంలో, అరవై దాటిన ఆరోగ్యవంతులు పది రోజులు మంచం మీద ఉన్నందుకే ఒక్క కాళ్ళలోనే దాదాపు ఒక కిలో కండ పోగొట్టుకున్నారు.

నిజమైన గాయమైతే దీనికి మరొకటి తోడవుతుంది. 1930లలో గ్లాస్గోలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ అనే వైద్య శాస్త్రవేత్త, కాలి ఎముకలు విరిగినవారి మూత్రంలో నత్రజని ఎంత పోతున్నదో కొలిచాడు. విరిగిన చోట నలిగిన కండ ఇవ్వగలిగిన నత్రజని కంటే చాలా ఎక్కువ బయటికి పోతున్నట్టు తేలింది. అంటే దెబ్బ ఒకచోట తగిలితే, శరీరం తన మిగతా కండలన్నిటినీ కొద్దికొద్దిగా కరిగించి, మరమ్మతుకు కావలసిన ముడిసరుకు పోగుచేస్తున్నదన్నమాట. ఇల్లు కాలినవాడు మిగిలిన గది దూలాలు పీకి పైకప్పు నిలబెట్టుకోవడం వంటిదిది. గాయం తొలి వారాల్లో ఈ కరుగుదలను పూర్తిగా ఆపలేము. తగినంత మాంసకృత్తులు తింటూ, కదపగలిగిన భాగాలను కదుపుతూ ఉంటే తగ్గించగలం.

దెబ్బ తగిలినది కీలుకైతే మరొక ఇబ్బంది ఉంది. మోకాలు వాచినప్పుడు, ఆ వాపునుంచి వచ్చే నరాల సంకేతాలు తొడ కండరాన్ని అణచివేస్తాయి. మనం ఎంత గట్టిగా ప్రయత్నించినా కండరం పూర్తిగా బిగుసుకోదు. ఇది బద్ధకమూ కాదు, మనోదౌర్బల్యమూ కాదు. కాలు ఎత్తి పెట్టుకోవడం, చల్లని కాపడం వంటివాటితో వాపు తగ్గించుకుంటే వ్యాయామం ఫలిస్తుంది.

మూడు వారాలు, ముప్పై ఏళ్ళు

కండల సంగతి ఇలా ఉంటే, గుండె సంగతేమిటి? దీనికి సమాధానం టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్‌లో 1966లో జరిగిన ప్రసిద్ధ ప్రయోగంలో దొరుకుతుంది. ఇరవై ఏళ్ళ వయసున్న అయిదుగురు ఆరోగ్యవంతులను మూడు వారాలపాటు మంచం దిగనివ్వలేదు. గట్టిగా శ్రమించినప్పుడు శరీరం నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదన్నది, గుండె, ఊపిరితిత్తులు, కండరాల ఉమ్మడి సామర్థ్యానికి కొలమానం. ఆ మూడు వారాల్లో అది నాలుగో వంతుకు పైగా పడిపోయింది. తరువాత కొన్ని వారాల శిక్షణతో వారు దాన్ని తిరిగి సంపాదించారు.

అంతటితో అయిపోతే అది ఒక మంచి ప్రయోగంగా మాత్రమే మిగిలేది. ముప్పై ఏళ్ళ తరువాత పరిశోధకులు అదే అయిదుగురిని మళ్ళీ పరీక్షించారు. అప్పటికి వారికి యాభై దాటింది. సగటు బరువు 77 కిలోలనుంచి 100 కిలోలకు పెరిగింది. ఒంట్లో కొవ్వు 14 శాతం నుంచి 28 శాతానికి, అంటే రెట్టింపుకు చేరింది. అయినా వారి ఆక్సిజన్ సామర్థ్యంలో ముప్పై ఏళ్ళ వయసు చేసిన నష్టం, ఇరవయ్యో ఏట మూడు వారాల పడక చేసిన నష్టం కంటే తక్కువే! ఇంకా ఆశ్చర్యమేమంటే, ఆ వయసులో నడక, మెల్లని పరుగు, సైకిలు తొక్కడం వంటివాటితో ఆరు నెలలు క్రమంగా శిక్షణ ఇచ్చేసరికి, వారి సామర్థ్యం ఇరవయ్యో ఏటి తొలి స్థాయికి తిరిగి వచ్చింది.

అయిదుగురు మనుషులు చాలా చిన్న సంఖ్య. అందరూ మగవారే, ఆరోగ్యవంతులే. కాబట్టి ఈ అంకెలను యథాతథంగా మనకు అన్వయించుకోకూడదు. అయినా ఇందులోని రెండు పాఠాలు ఆ తరువాత ఎన్నో అధ్యయనాల్లో రుజువవుతూ వచ్చాయి. పడక చేసే చేటు వయసు చేసే చేటు కంటే వేగవంతమైనది. ఆ చేటులో చాలా భాగం, యాభై దాటాక కూడా తిరిగి సరిచేసుకోగలిగినదే.

తూకం చెప్పని సంగతి

ఇప్పుడు మొదట చెప్పిన మనిషి దగ్గరికి వద్దాం. లెక్క కోసం అతనికి 48 ఏళ్ళనీ, గాయానికి ముందు 74 కిలోలనీ అనుకుందాం. కంప్యూటరు ముందు కూర్చుని చేసే ఉద్యోగం. కాలు విరిగాక ఇంటినుంచే పని. మూడు నెలల్లో అతను రెండు కిలోల కండ పోగొట్టుకుని, అయిదు కిలోల కొవ్వు చేర్చుకున్నాడనుకోండి. తూకంలో కనిపించే పెరుగుదల మూడు కిలోలే. ఇప్పుడతను తిండి సగం మానేసి, వ్యాయామం లేకుండా ఆ మూడు కిలోలూ తగ్గించాడు. వ్యాయామం, తగిన మాంసకృత్తులు లేకుండా బరువు తగ్గినప్పుడు, తగ్గినదాంట్లో సుమారు నాలుగో వంతు లేక అంతకు మించి కండే ఉంటుంది. అతని తూకం మళ్ళీ 74 చూపిస్తుంది. అతను సంతోషిస్తాడు. కానీ ఆ 74 కిలోల్లో మునుపటికంటే దాదాపు మూడు కిలోల కండ తక్కువ, అంతే కొవ్వు ఎక్కువ. అంకె ఒకటే, మనిషి వేరు.

ఈ తేడా అద్దంలో కనిపించే అందానికి సంబంధించినది మాత్రమే అయితే వైద్యులు పట్టించుకోనక్కరలేదు. అన్నం తిన్న తరువాత రక్తంలోకి వచ్చే గ్లూకోజును ఇన్సులిన్ సాయంతో లోపలికి తీసుకుని దాచుకునే అతి పెద్ద గిడ్డంగి కండరమే. గిడ్డంగి చిన్నదైతే సరుకు వీధిలో మిగిలిపోతుంది. డెన్మార్కులో పదిమంది ఆరోగ్యవంతులైన యువకులను, రోజుకు పదివేల పైచిలుకు అడుగులు నడిచేవారిని, రెండు వారాలపాటు 1,350 అడుగులకు పరిమితం చేశారు. మంచం పట్టించలేదు, కట్టు వేయలేదు, నడక తగ్గించారంతే. రెండు వారాల్లో ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరు 17 శాతం తగ్గింది. కాళ్ళ కండ 2.8 శాతం తరిగింది. చంకకర్రలతో మంచానికీ స్నానాలగదికీ మధ్య తిరిగే మనిషి రోజుకెన్ని అడుగులు వేస్తాడో ఊహించుకోవచ్చు.

మనవారి విషయంలో ఇది మరింత ముఖ్యమనడానికి కారణముంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్య పరిశోధకుల ఫోటో ఒకటి అచ్చయింది. ఒకరు పుణేకు చెందిన యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన యుడ్కిన్. ఎత్తుకూ బరువుకూ గల నిష్పత్తిని తెలిపే బీఎంఐ ఇద్దరికీ 22.3. చూడడానికి ఇద్దరూ సన్ననివారే. కొవ్వు కొలిస్తే యుడ్కిన్ ఒంట్లో 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. ఒక్క జంటతో సిద్ధాంతం రుజువు కాదు గాని, దక్షిణాసియావారిలో అదే బరువుకు కండ తక్కువ, పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ అన్నది అనేక అధ్యయనాల్లో స్థిరపడిన విషయం. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసియావారి విషయంలో బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 నుంచే జాగ్రత్తపడాలని సూచించింది. అమెరికా డయాబెటిస్ సంఘం కూడా ఆసియా సంతతివారికి 23 దాటితే మధుమేహ పరీక్ష చేయాలంటున్నది. బ్యాంకులో నిలవ తక్కువ ఉన్నవాడికి చిన్న ఖర్చు కూడా పెద్ద లోటు. మొదటే తక్కువగా ఉన్న కండలోంచి రెండు కిలోలు పోవడం మనకు అలాంటిదే. ఒక చిన్న ఎముక విరగడం, అంతవరకూ గట్టుమీద ఉన్న మనిషిని మధుమేహంలోకి నెట్టవచ్చు.

గాయం మానేటప్పుడు ఉపవాసం తగదు

విరిగిన ఎముక అతుక్కోవడం అంచెలవారీగా జరుగుతుంది. మొదట అక్కడ రక్తం గడ్డకట్టి వాపు వస్తుంది. రెండు మూడు వారాల్లో మెత్తని మృదులాస్థి వంతెన ఏర్పడుతుంది. తరువాతి వారాల్లో అది గట్టి ఎముకగా మారుతుంది. ఆ గట్టి ఎముకను శరీరం భారాన్నిబట్టి చెక్కుకుంటూ పోవడం నెలలు, ఒక్కోసారి ఏళ్ళు సాగుతుంది. ఈ నిర్మాణమంతటికీ శక్తి కావాలి, మాంసకృత్తులు కావాలి, కాల్షియం, డి విటమిన్ కావాలి. పని జరుగుతున్నప్పుడు కూలీలకు బత్తెం ఆపితే కట్టడం ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది. తొలి ఆరు, ఎనిమిది వారాల్లో బరువు తగ్గించే ప్రయత్నం పెట్టుకోకూడదు. బరువు మరీ పెరగకుండా చూసుకుంటే అదే విజయం.

ఎంత తినాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థతో కలిసి భారత వైద్య పరిశోధన మండలి 2020లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం, ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు. గాయమో శస్త్రచికిత్సో అయినప్పుడు, ముఖ్యంగా వయసు మళ్ళినవారికి, కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు అవసరమని నిపుణుల సిఫారసు. 70 కిలోల మనిషికి ఇది 84 నుంచి 105 గ్రాములు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం తమ వైద్యుణ్ణి అడగకుండా ఈ మోతాదుకు వెళ్ళకూడదు.

మన భోజనం ఈ లెక్కకు ఎంత దూరమో చూడండి. ఒక కప్పు అన్నంలో నాలుగు గ్రాముల మాంసకృత్తులు, సుమారు 200 కెలోరీలు ఉంటాయి. చారులో, పలచని సాంబారులో, పలచని మజ్జిగలో ఉండేది స్వల్పం. రెండుపూటలా అన్నం, కూర, చారు, మజ్జిగ తినే మనిషి కడుపు నిండుతుంది గాని కండకు కావలసినది అందదు. దీన్ని సరిదిద్దడానికి పరాయి తిండి వెతుక్కోనక్కరలేదు. యాభై గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో పదకొండు గ్రాముల దాకా వస్తుంది. యాభై గ్రాముల కందిపప్పుతో చేసిన ముద్దపప్పులోనూ అంతే. కోడిగుడ్డుకు ఆరు గ్రాములు. గ్లాసు పాలకు ఎనిమిది గ్రాములు, వాటితోపాటు 300 మిల్లీగ్రాముల కాల్షియం. వంద గ్రాముల పనీరుకు సుమారు పద్దెనిమిది, వండిన కోడిమాంసానికి పాతిక పైన. మీల్ మేకర్ ఎండు బరువులో సగం మాంసకృత్తులే. పళ్ళెంలో అన్నం సగం తగ్గించి, ఆ చోటును పప్పు, గుడ్డు, చేప, పెరుగులతో నింపితే, కెలోరీలు పెరగకుండానే అవసరం తీరుతుంది. ఒకేపూట అంతా తినేకంటే మూడుపూటలకూ పంచుకోవడం మంచిది.

ఎముకల రసం తాగితే ఎముక తొందరగా అతుక్కుంటుందని మనలో గట్టి నమ్మకం. వేడివేడిగా తాగడానికి హాయిగా ఉంటుంది, తాగవచ్చు. కానీ అందులో కాల్షియం చాలా తక్కువ. ఒక గ్లాసు పాలతో అది పోటీపడలేదు. చలిదేశాల్లో ఉండే మన చామనఛాయ ఒంటికి శీతకాలపు ఎండతో డి విటమిన్ సరిపడా తయారుకాదు. ఎముక విరిగినవారు దాన్ని ఒకసారి పరీక్ష చేయించుకుని, తక్కువైతే వైద్యుడు చెప్పిన మోతాదులో వాడాలి. పొగతాగేవారు మానడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. పొగ ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తుందన్నది స్పష్టంగా తేలిన విషయం.

కండకు తెలిసిన భాష

తినడం ఒక్కటే చాలదు. మాంసకృత్తులు ఇటుకలు మాత్రమే. ఇల్లు కట్టమని చెప్పేది భారం. ఈ విషయాన్ని గాయాల వైద్యంలో నిలబెట్టిన ఘనత థామస్ డిలోర్మ్ అనే యువ సైనికవైద్యునిది. చిన్నతనంలో రుమాటిక్ జ్వరంతో నెలలపాటు మంచం పట్టిన ఆయన, తరువాత బరువులెత్తి బలం పుంజుకున్నాడు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో చికాగోలోని సైనిక ఆసుపత్రిలో కాళ్ళు దెబ్బతిన్న సైనికులు కిక్కిరిసి ఉండేవారు. తేలికపాటి వ్యాయామాన్ని ఎక్కువసార్లు చేయించడం అప్పటి పద్ధతి. కోలుకోవడం నెలల తరబడి సాగేది. డిలోర్మ్ దీన్ని తిరగేసి, పదిసార్లు మాత్రమే ఎత్తగలిగినంత పెద్ద బరువు పెట్టి, బలం వచ్చేకొద్దీ ఆ బరువును పెంచుకుంటూ పోయాడు. ఫలితాలను 1945లో ప్రకటించాడు. నేటి వ్యాయామశాలల్లో పదేసి చొప్పున మూడు విడతలుగా చేయించే పద్ధతికి మూలం ఆయన పనిలోనే ఉంది.

ఇది యువసైనికులకే పరిమితమనుకోవద్దు. 1990లో బాస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో సగటున తొంభై ఏళ్ళున్న బలహీనులైన వృద్ధులకు ఎనిమిది వారాలు ఇలాంటి శిక్షణ ఇచ్చారు. పూర్తిచేసినవారి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది, అంటే రెండున్నర రెట్లు దాటింది. తొంభైలో సాధ్యమైనది యాభైలో ఎందుకు కాదు?

కట్టు ఉండగా ఏం చేయగలమన్న ప్రశ్నకు 1894నాటి ఒక పరిశీలన దారి చూపుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో స్క్రిప్చర్, ఆయన సహచరులు ఒక చేతికి శిక్షణ ఇస్తే, ఏ పనీ చేయని రెండో చేతికి కూడా కొంత బలం వస్తుందని గమనించారు. ఈ బదిలీ నరాల వ్యవస్థ ద్వారా జరిగేది. మణికట్టు విరిగిన యాభై దాటిన స్త్రీలలో జరిపిన ఇటీవలి అధ్యయనంలో, విరగని చేతికి వ్యాయామం ఇచ్చినవారికి విరిగిన చేతి పట్టు మెరుగ్గా తిరిగి వచ్చింది. కాబట్టి కుడికాలు కట్టులో ఉంటే ఎడమకాలికి, రెండు చేతులకు, పొట్ట కండరాలకు సెలవివ్వకూడదు. కూర్చుని చిన్న బరువులెత్తవచ్చు. రబ్బరు పట్టీలు లాగవచ్చు. కట్టులోపలే, వైద్యుడు వద్దనకపోతే, తొడ కండరాన్ని పది సెకన్లు బిగించి వదలవచ్చు. విరిగిన కాలిమీద ఎప్పుడు, ఎంత భారం మోపాలన్నది మాత్రం పూర్తిగా శస్త్రవైద్యుని నిర్ణయం.

కట్టు తీశాక, విదేశాల్లో ఫిజియోథెరపీ ఒక పరిమితమైన సదుపాయం. కొన్నిచోట్ల బీమావాళ్ళు లెక్కపెట్టి కొన్ని విడతలకే ఒప్పుకుంటారు. కొన్నిచోట్ల వంతు రావడానికే వారాలు పడుతుంది. అందుచేత ఫిజియోథెరపిస్టును చికిత్స చేసే మనిషిగా కంటే పాఠం చెప్పే గురువుగా చూడడం లాభం. వారానికి ఒక గంట ఆ గురువు దగ్గర. మిగతా ఆరు రోజుల అభ్యాసం మనదే. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవడం, మునివేళ్ళమీద నిలబడడం, మెట్టు ఎక్కి దిగడం, ఒంటికాలిమీద నిలబడడం, వీటికి పరికరాలక్కరలేదు. తేలికైన కొద్దీ కష్టాన్ని పెంచుకుంటూ పోవాలన్న డిలోర్మ్ సూత్రం ఒక్కటి మరువకూడదు.

ఈ దశలో చాలామందిని ఆపేది నొప్పికంటే నొప్పి పట్ల భయం. వాడని కండకు పని చెబితే కొంత నొప్పి తప్పదు. వ్యాయామం చేసేటప్పుడు ఓర్చుకోగలిగినంతగా ఉండి, మరునాటికి తగ్గిపోయే నొప్పి సాధారణంగా హానికరం కాదు. రోజురోజుకీ పెరిగేది, వాపు తెచ్చేది, రాత్రిళ్ళు నిద్ర లేపేది అయితే వైద్యునికి చూపాలి. పిక్కలో హఠాత్తుగా నొప్పి, వాపు, ఎరుపు వస్తే రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించి అదేరోజు వైద్యుని దగ్గరికి పోవాలి. ఆయాసం, ఛాతీనొప్పి తోడైతే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

బరువు తగ్గవలసిన వేళ

ఎముక అతుక్కుని, మనిషి సొంతంగా నడుస్తూ, కండకు పని చెప్పడం అలవాటయ్యాక, బరువు తగ్గించే మాట ఎత్తవచ్చు, ఎత్తాలి కూడా. మోకాళ్ళు అరిగిన అధికబరువు వారిలో జరిపిన కొలతల ప్రకారం, ఒక కిలో బరువు తగ్గితే మోకాలిమీద ప్రతి అడుగులోనూ నాలుగు కిలోల భారం తగ్గుతుంది. దెబ్బతిన్న కీలుకు ఇంతకంటే మంచి మందు లేదు.

ఎలా తగ్గించాలన్నదానికి 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన అధ్యయనం సమాధానమిస్తుంది. అరవై అయిదు దాటిన 107 మంది స్థూలకాయులను నాలుగు బృందాలుగా విడదీసి ఏడాదిపాటు గమనించారు. ఆహారం తగ్గించిన బృందం, ఆహారం తగ్గిస్తూ వ్యాయామమూ చేసిన బృందం ఇంచుమించు ఒకే మేరకు, పదో వంతు దాకా బరువు తగ్గాయి. తూకం చూస్తే తేడా లేదు. కానీ ఆహారం మాత్రమే తగ్గించినవారు కండ వంటి కొవ్వులేని భాగంలో 5 శాతం పోగొట్టుకోగా, రెండూ చేసినవారు 3 శాతమే పోగొట్టుకున్నారు. నడక, లేవడం, మెట్లెక్కడం వంటి పనుల్లోనూ రెండో బృందమే ముందుంది.

ఈ మధ్య వాడుకలోకి వచ్చిన ఒజెంపిక్, వెగోవీ వంటి ఇంజెక్షన్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అవి శక్తిమంతమైన మందులు. అవసరమైనవారికి ఎంతో మేలు చేస్తాయి. అయితే వాటితో తగ్గే బరువులో పాతిక నుంచి నలభై శాతం దాకా కొవ్వులేని భాగం ఉండవచ్చని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆకలి చచ్చిపోయినప్పుడు మాంసకృత్తులు కూడా తినబుద్ధి కాదు. గాయంతో కండ పోగొట్టుకున్న మనిషి, దాన్ని తిరిగి సంపాదించకముందే ఈ మందు మొదలుపెడితే, నష్టంమీద నష్టం పడుతుంది. ఎప్పుడు, ఎంత మోతాదులో అన్నది వైద్యునితో చర్చించి తేల్చుకోవాలి.

వేగం గురించి ఒక మాట. వారానికి అరకిలోకు మించకుండా తగ్గడం క్షేమం. వారానికి రెండు మూడుసార్లు బలం పెంచే వ్యాయామం, వీలైనన్ని రోజులు నడక, ప్రతిపూటా మాంసకృత్తులు, తగ్గించిన అన్నం, మానేసిన తీపి పానీయాలు, సరిపడా నిద్ర: ఇందులో కొత్త రహస్యమేదీ లేదు. మూడు నెలల్లో పోయినది తిరిగి రావడానికి ఆరు నెలలో, ఏడాదో పడుతుందని ముందే అనుకుంటే నిరాశ ఉండదు.

కొలవవలసినవి

తూకాన్ని పూర్తిగా పారేయమని నేననడంలేదు. దాన్ని ఒంటరి సాక్షిగా నమ్మవద్దంటున్నాను. దాని పక్కన మరి నాలుగు కొలతలు నెలకొకసారి రాసుకోవచ్చు. మొదటిది నడుము చుట్టుకొలత. మన మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. రెండవది దెబ్బతిన్న కాలి పిక్క, తొడల చుట్టుకొలత, రెండో కాలితో పోల్చి. మూడవది ముప్పై సెకన్లలో చేతులు ఛాతీమీద కట్టుకుని కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి నిలబడగలమన్నది. అరవై నుంచి అరవై నాలుగేళ్ళ మగవారు 14, ఆడవారు 12 కంటే తక్కువసార్లు లేవగలిగితే కాళ్ళ బలం సగటుకు దిగువన ఉన్నట్టు లెక్క. నాలుగవది మూడు నెలల చక్కెర సగటును చెప్పే ఏ1సీ రక్తపరీక్ష. దీన్ని మాత్రం మూడు నెలలకొకసారి చూస్తే చాలు. నడుము తగ్గి, పిక్క పెరిగి, లేచే సంఖ్య పెరిగి, చక్కెర అదుపులో ఉంటే, తూకం కదలకపోయినా మీరు కోలుకుంటున్నట్టే. తూకం అయిదు కిలోలు తగ్గి, కుర్చీలోంచి లేవడానికి ఇంకా చేతి ఊతం కావలసివస్తుంటే, ఎక్కడో దారి తప్పినట్టే.

ఎముక తనంతట తాను అతుక్కుంటుంది. దానికి మనం చేయవలసింది అడ్డుపడకుండా ఉండడమే. కండ అలా కాదు, అడిగితేగాని రాదు. ఇంట్లో ఎవరికైనా కాలో చెయ్యో విరిగితే, పరామర్శకు వెళ్ళినప్పుడు మిఠాయి డబ్బా బదులు డజను గుడ్లో, పాకెట్టు పెసలో పట్టుకెళ్ళండి. మంచినీళ్ళ గ్లాసు చేతికి అందించేముందు, లేచి తెచ్చుకోగలరేమో ఒక్కసారి అడగండి.